నీలం మూత పెట్టె: ఇంగ్లీషు వాక్యం పేర్చే కార్డులు ఎంతవరకు పనికొస్తాయి?

ఇంగ్లీషు వాక్యంలో ఏ మాట ముందు రావాలో, ఏ మాట వెనక రావాలో చేత్తో పేర్చుకుంటూ నేర్చుకోడానికి చేసిన కార్డుల పెట్టె ఇది. రాజమండ్రిలో అచ్చయింది. అమలాపురం, భీమవరం, తణుకు వైపు పుస్తకాల షాపుల్లో 380 రూపాయలకు ఇస్తున్నారు. నీలం మూత, లోపల 240 కార్డులు, రెండు చెక్క పట్టీలు, 32 పేజీల చిన్న పుస్తకం. టెన్త్, ఇంటర్ పిల్లలకీ, బ్యాంకు పరీక్షలకు కూర్చునేవాళ్ళకీ, విదేశాలకు వెళ్ళడానికి ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష రాసేవాళ్ళకీ అందరికీ ఒకేలా పనికొస్తుందని మూత మీద వేశారు. అందరికీ ఒకేలా పనికిరాదు. కొనదగ్గ వస్తువే కానీ పుస్తకంలో నాలుగు చోట్ల దిద్దుకోవాలి, ఓ గుప్పెడు కార్డులు చేర్చుకోవాలి. ఆ దిద్దుబాట్లు లేకుండా పిల్లల చేతిలో పెడితే కొన్ని తప్పులు కొత్తగా నేర్చుకుంటారు.

కార్డుల లెక్క ఇదీ. నీలం 40, ఇవి కర్తలు. ఎరుపు 36, సహాయక క్రియలు: యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్, హ్యావ్, హ్యాజ్, హ్యాడ్, డు, డజ్, డిడ్, విల్, వుడ్, కెన్, కుడ్, షుడ్, మే, మస్ట్. మొత్తం 18 రకాలు, ఒక్కోటి రెండేసి. ఆకుపచ్చ 60: పన్నెండు క్రియలు, ఒక్కోదానికి ఐదు రూపాలు. గో, గోజ్, వెంట్, గాన్, గోయింగ్ అన్న వరసలో. పసుపు 40, కర్మలు. తెలుపు 30, చోటూ సమయమూ చెప్పేవి. ఊదా 8, ప్రశ్న మాటలు. నారింజ 14: నెవర్, సెల్డమ్, హార్డ్‌లీ, నో సూనర్, నాట్ ఓన్లీ, ఓన్లీ లాంటివి, వాక్యం మొదట్లోకి వచ్చి వరసను తిప్పేవి. నలుపు 12, రెండు వాక్యాలను అతికేవి. తెల్ల కార్డుల మీద లండన్, న్యూయార్క్ కాకుండా రావులపాలెం, పాలకొల్లు, నరసాపురం, అంతర్వేది అచ్చువేయడం మంచి పని. తెలిసిన ఊరి పేరు చూసినప్పుడు పిల్లవాడి ధ్యాసంతా వరస మీదే నిలుస్తుంది, ఆ పేరు ఎలా పలకాలా అన్న దిగులుండదు.

కార్డు మూడు అంగుళాల పొడుగు, అంగుళమున్నర ఎత్తు. చెక్క పట్టీ పద్దెనిమిది అంగుళాలు, మధ్యలో గాడి ఉంటుంది, కార్డులు అందులో నిలబడతాయి. అంటే ఒక పట్టీకి ఆరు కార్డులే. మామూలు వాక్యానికి చాలు. నో సూనర్ వాక్యానికి ఎనిమిది కావాలి కాబట్టి రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టాలి. ఒకదాని కింద ఒకటి పెడితే వాక్యం విరిగినట్టు కనపడి, రెండో వరసను పిల్లలు వేరే వాక్యం అనుకుంటారు.

ఈ పెట్టె ఎందుకు అవసరమవుతుందో చెప్పాలంటే మన భాష తీరు దగ్గర మొదలుపెట్టాలి. 'రాజు పులసని కొన్నాడు' అన్నా, 'పులసని రాజు కొన్నాడు' అన్నా, 'కొన్నాడు రాజు పులసని' అన్నా కొన్నది రాజే. ఎవరు కొన్నారు, దేన్ని కొన్నారు అన్న సంగతి 'ని' మోస్తుంది, క్రియ చివర 'డు' మోస్తుంది. మాట ఎక్కడున్నా దాని పని దాంతోనే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ పని చోటుది. 'రాజు బాట్ ఎ పులస' అన్నదాంట్లో రెండు పేర్లూ తారుమారు చేస్తే పులసే రాజుని కొన్నట్టు అవుతుంది. అందుకే తెలుగులో ఆలోచించి ఇంగ్లీషు మాటలు పేర్చే పిల్లవాడు 'ది ఫార్మర్స్ ఎస్టర్డే ఇన్ తణుకు ది ప్యాడీ సోల్డ్' అని పెడతాడు. వాడికి మాటలన్నీ తెలుసు. తెలియనిది వాటి చోట్లు. కార్డులు వాడి చేత కదిపించి చూపించేది దాన్నే.

మొదటి మెట్టు: నీలం, ఆకుపచ్చ, పసుపు, తెలుపు. 'ది ఫార్మర్స్, సోల్డ్, ది ప్యాడీ, ఇన్ తణుకు, ఎస్టర్డే.' ఇక్కడ రెండు సంగతులు చేతికి అలవాటవ్వాలి. ఒకటి, ఆకుపచ్చకీ పసుపుకీ మధ్య ఏ కార్డూ దూరకూడదు. 'ఐ లైక్ వెరీ మచ్ పూతరేకులు' అనేది ఈ సూత్రం తప్పినందుకే తప్పు. 'వెరీ మచ్' చివరికి పోవాలి. రెండు, తెలుపులో చోటు ముందు, సమయం వెనక. మనం 'నిన్న తణుకులో' అంటాం, ఇంగ్లీషువాడు 'తణుకులో నిన్న' అంటాడు. సమయాన్ని వాక్యం మొదట్లో పెట్టినా తప్పులేదు. మధ్యలో ఇరికిస్తేనే తంటా. ఈ భాగం పుస్తకంలో శుభ్రంగా ఉంది, బొమ్మలు కూడా బాగున్నాయి.

ఇదే చోట ఒక లోటు. ఆల్వేస్, యూజువల్లీ, ఆఫెన్, సమ్‌టైమ్స్, ఆల్రెడీ, స్టిల్ అనే మాటలకు కార్డులే లేవు. 'హి కమ్స్ ఆల్వేస్ లేట్' అన్న తప్పు మన దగ్గర రోజూ వినపడేదే. ఆరు చీటీలు కత్తిరించి ఈ మాటలు రాసుకోండి. వీటి చోటు: ఎర్ర కార్డు ఉంటే దాని వెంటనే, లేకపోతే ఆకుపచ్చకు ముందు. 'హి హ్యాజ్ ఆల్వేస్ కమ్ లేట్', 'హి ఆల్వేస్ కమ్స్ లేట్'. 'హి ఈజ్ ఆల్వేస్ లేట్' కూడా ఈ లెక్కలోకే వస్తుంది, ఎందుకంటే ఈ పెట్టెలో ఈజ్ ఎర్ర కార్డు.

ఈజ్ దగ్గరే పుస్తకంలో మొదటి దిద్దుబాటు చేయాలి. ఐదో పేజీలో 'ప్రతి వాక్యంలో ఒక నీలం, ఒక ఆకుపచ్చ తప్పనిసరి' అని రాశారు. అది తప్పు. 'రాజు ఈజ్ లేట్', 'దే ఆర్ ఇన్ అమలాపురం' వాక్యాల్లో ఆకుపచ్చ లేదు, అయినా వాక్యం నిండుగానే ఉంది. ఈ ఒక్క ముక్క నమ్మిన పిల్లవాడు ప్రశ్న అడగాల్సి వచ్చినప్పుడు 'డు యు ఆర్ రెడీ' అంటాడు, ఆర్ ఎర్ర కార్డని గుర్తించడు కాబట్టి. 'ఒక నీలం, దానితో ఒక ఎరుపో, ఆకుపచ్చో, రెండూనో' అని పెన్నుతో దిద్దేయండి.

రెండో మెట్టు ప్రశ్న. పెట్టె విలువంతా ఇక్కడే ఉంది. తెలుగులో ప్రశ్న చివర పుడుతుంది: వచ్చాడు, వచ్చాడా. మాటలేవీ కదలవు. ఇంగ్లీషులో ఎర్ర కార్డు ఒక్కటి లేచి నీలం కార్డుకు ముందు కూర్చుంటుంది, మిగతావన్నీ ఉన్నచోటే ఉంటాయి. 'ది బస్ హ్యాజ్ లెఫ్ట్' లోంచి హ్యాజ్ తీసి ముందు పెడితే 'హ్యాజ్ ది బస్ లెఫ్ట్'. నల్లబల్ల మీద బాణం గీసి చెప్పినదానికంటే పిల్లవాడు తన చేత్తో కార్డు తీసి పెట్టినప్పుడు ఇది బాగా నాటుకుంటుంది.

వాక్యంలో ఎర్ర కార్డు లేనప్పుడు డు, డజ్, డిడ్ లలో ఒకటి తెచ్చుకోవాలి. 'డిడ్ హి వెంట్', 'డజ్ షి గోజ్' పుట్టేది ఇక్కడే. దీనికి ఈ పెట్టె చేసినవాళ్ళు పెట్టిన ఏర్పాటు మెచ్చుకోవాల్సింది. గోజ్, వెంట్ లాంటి ఆకుపచ్చ కార్డుల వెనకవైపు గో అని అచ్చువేశారు. డు కుటుంబపు కార్డు పట్టీ మీదికి రాగానే ఆకుపచ్చ కార్డు తిప్పేయాలి. కాలం, ఏకవచనం గుర్తు అన్నీ ఆ ఎర్ర కార్డు మీదికి వెళ్ళిపోయాయి, ఆకుపచ్చకు ఇక ఏ గుర్తూ అక్కర్లేదు. 'డిడ్ నాట్' తో చెప్పే వాక్యానికీ ఇదే తిప్పుడు. నెలల తరబడి చెప్పినా పోని తప్పు ఈ తిప్పుడుతో తొందరగా పోతుంది. ముందు కార్డు తిప్పడం, ఆ తర్వాత చదవడం అన్న క్రమం మాత్రం వదలకూడదు. చదివి తర్వాత తిప్పితే తప్పు రూపమే నోటికి అలవాటవుతుంది.

రెండో దిద్దుబాటు పదకొండో పేజీ. 'ఊదా కార్డు వస్తే వెంటనే ఎరుపు రావాలి' అని సూత్రం రాశారు. వాట్, వేర్, వెన్, వై లకు ఇది సరే: 'వాట్ డిడ్ రాజు బై'. కానీ కొన్నది ఎవరని అడిగేటప్పుడు 'హూ బాట్ ది ఫిష్' అనాలి, డిడ్ రాదు. హూ ఇక్కడ నీలం కార్డు చోట్లోనే కూర్చుంది కాబట్టి కదలాల్సింది ఏమీ లేదు. పుస్తకం ప్రకారం పేరిస్తే 'హూ డిడ్ బై ది ఫిష్' వస్తుంది. ఊదా కార్డు ఎవరి చోట్లో ఉందో చూసుకోమని పిల్లలకు చెప్పండి: కర్త చోట్లో ఉంటే ఏదీ కదలదు, కర్మదో తెలుపుదో అయితే ఎరుపు కదులుతుంది.

ప్రశ్నను ఇంకో వాక్యంలో ఇమిడ్చే సంగతి మాత్రం పుస్తకంలో చాలా బాగా రాశారు. 'డు యు నో', 'కెన్ యు టెల్ మి', 'ఐ డోంట్ నో', 'ఐ వండర్' అన్న నాలుగు నల్ల కార్డులు ఇందుకోసమే. నల్ల కార్డు మొదట పెట్టగానే లోపలి ప్రశ్న మళ్ళీ మామూలు వరసకు వచ్చేయాలి. 'వేర్ డజ్ హి గో' ముందు 'ఐ డోంట్ నో' పెట్టండి: డజ్ తీసేయాలి, ఆకుపచ్చ కార్డు మళ్ళీ తిప్పాలి, 'ఐ డోంట్ నో వేర్ హి గోజ్' వస్తుంది. బస్టాండు దారి అడిగేటప్పుడు 'కెన్ యు టెల్ మి వేర్ ఈజ్ ది బస్ స్టాండ్' అనేది మనవాళ్ళలో చదువుకున్నవాళ్ళు కూడా చేసే తప్పు. ఈజ్ చివరికి పోవాలి. టెన్త్‌లో రిపోర్టెడ్ స్పీచ్ కింద నేర్పే 'హి ఆస్క్‌డ్ మి వేర్ ఐ వాజ్ గోయింగ్' కూడా ఇదే కదలిక. దాన్ని వేరే పాఠంగా బట్టీ పట్టించక్కర్లేదు.

ఇక నారింజ కార్డులు. చాలామంది ఈ పెట్టె కొనేది వీటి కోసమే, పరీక్షల్లో తప్పు పట్టమని ఇచ్చే వాక్యాలు ఇక్కడినుంచే ఎక్కువ వస్తాయి. కోచింగ్ నోట్సుల్లో మామూలుగా ఏం చేస్తారంటే, నెవర్, సెల్డమ్, రేర్లీ, హార్డ్‌లీ అంటూ పాతిక మాటల పట్టిక ఇచ్చి, వాటి తర్వాత 'హెల్పింగ్ వెర్బ్ ప్లస్ సబ్జెక్ట్' అని రాయిస్తారు. పట్టిక మర్చిపోతే అంతా పోయినట్టే. ఈ పుస్తకం అలా చేయలేదు. పదిహేడో పేజీలో ఒక్క మాట రాసింది: 'ముందు ప్రశ్న కట్టు, తర్వాత దాని ముందు నారింజ పెట్టు, ప్రశ్న గుర్తు తీసెయ్.' ఈ ఒక్క వాక్యానికే పెట్టె డబ్బులు ఇవ్వొచ్చు. 'హ్యావ్ ఐ సీన్ సచ్ ఎ ఫ్లడ్' అన్న ప్రశ్న ముందు నెవర్ పెడితే 'నెవర్ హ్యావ్ ఐ సీన్ సచ్ ఎ ఫ్లడ్'. 'డజ్ హి కమ్ టు పాలకొల్లు' ముందు సెల్డమ్ పెడితే 'సెల్డమ్ డజ్ హి కమ్ టు పాలకొల్లు'. ఆకుపచ్చ కార్డు అప్పటికే తిరిగి ఉంది కాబట్టి 'సెల్డమ్ డజ్ హి కమ్స్' అన్న తప్పుకు చోటే లేదు. ప్రశ్న కట్టడం వచ్చినవాడికి ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. రెండో మెట్టు తడబడేవాడికి మాత్రం నారింజ కార్డులు ఇవ్వకండి, ఎంత పరీక్ష దగ్గరపడ్డా సరే.

ఇలా ఎందుకు తిరుగుతుందో పుస్తకంలో లేదు, పాఠం చెప్పేవాళ్ళు చెబితే బాగుంటుంది. వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో వాక్యం మొదట ఏ మాట వచ్చినా క్రియ రెండో చోట నిలబడే అలవాటు బాగా ఉండేది. జర్మన్‌లో ఇవాళ్టికీ అంతే. తర్వాత ఇంగ్లీషులో కర్త ముందు, క్రియ వెనక అన్న వరస గట్టిపడింది. అయినా ప్రశ్నల్లోనూ, కాదు-లేదు అన్న అర్థమున్న మాట ముందుకొచ్చిన వాక్యాల్లోనూ పాత వరస మిగిలిపోయింది. డు తెచ్చి ప్రశ్న అడగడం కూడా ఆ తర్వాత పెరిగిన అలవాటే. షేక్‌స్పియర్ కాలంలో డు తోనూ, లేకుండానూ రెండు రకాలూ వాడేవారు. ఈ నాలుగు ముక్కలు తెలిస్తే నారింజ కార్డు ప్రశ్న వరసనే ఎందుకు కోరుతుందో పిల్లలకు అర్థమవుతుంది.

మూడో దిద్దుబాటు ఈ వెలుగులోనే చూడాలి. పంతొమ్మిదో పేజీలో 'అట్ నో టైమ్', 'ఇన్ నో టైమ్' రెంటినీ ఒకే గుంపులో పెట్టారు, రెండూ నారింజ కార్డులే. అట్ నో టైమ్ అంటే ఎప్పుడూ జరగలేదని. కాబట్టి 'అట్ నో టైమ్ డిడ్ హి లీవ్ నరసాపురం'. ఇన్ నో టైమ్ అంటే చిటికెలో జరిగిందని. అందులో నో ఉన్నా వాక్యం జరిగిన సంగతే చెబుతోంది. కాబట్టి ఏదీ కదలదు: 'ఇన్ నో టైమ్ దే రీచ్‌డ్ అంతర్వేది'. పరీక్షించుకునే తీరు ఇది: ముందున్న మాటను తీసి, క్రియ పక్కన నాట్ పెట్టి అదే అర్థం చెప్పగలమా? 'హి డిడ్ నాట్ లీవ్ అట్ ఎనీ టైమ్' అనగలం, కాబట్టి తిరుగుతుంది. అంతర్వేది చేరినవాళ్ళను 'చేరలేదు' అనలేం, కాబట్టి తిరగదు. 'నాట్ లాంగ్ అగో', 'నాట్ ఫార్ ఫ్రమ్ హియర్' లతో మొదలయ్యే వాక్యాలూ ఇందుకే ప్రశ్న వరసకు తిరగవు. ఇన్ నో టైమ్ కార్డును తెల్ల కార్డుల్లో కలిపేయండి, అంచు మీద తెల్ల కాగితం అంటిస్తే సరి.

ఓన్లీ, నాట్ అంటిల్ కార్డులకు పుస్తకం మూడు పేజీలిచ్చింది, అవసరమే. కష్టం ఎక్కడంటే ఈ మాటల వెనక ఒక చిన్న వాక్యం వస్తుంది, దాని వెనక అసలు వాక్యం వస్తుంది. తిరగాల్సింది రెండోది. 'ఓన్లీ ఆఫ్టర్ రాజు కేమ్ డిడ్ ది ఫెర్రీ స్టార్ట్.' పిల్లలు ఓన్లీ చూడగానే కంగారుపడి 'ఓన్లీ ఆఫ్టర్ డిడ్ రాజు కమ్ ది ఫెర్రీ స్టార్టెడ్' అని పేరుస్తారు. రెండు పట్టీలు ఉన్నాయి కదా, వాటిని ఇక్కడ వాడండి. మొదటి పట్టీ మీద ఓన్లీ నుంచి కేమ్ వరకు, రెండో పట్టీ మీద 'డిడ్ ది ఫెర్రీ స్టార్ట్'. మొదటి పట్టీ మొత్తాన్నీ ఒక పెద్ద నారింజ కార్డు కింద లెక్కపెట్టమనండి. తిరుగుడు రెండో పట్టీ మీదే. నాట్ అంటిల్‌కీ ఇదే పద్ధతి. ఓన్లీ కర్తకే అంటుకుంటే మాత్రం తిరగదు: 'ఓన్లీ రాజు కేమ్'. నాట్ ఓన్లీ కూడా అంతే. 'నాట్ ఓన్లీ డిడ్ హి సెల్ ది బోట్' అని క్రియకు చెప్పినప్పుడు తిరుగుతుంది, 'నాట్ ఓన్లీ రాజు బట్ ఆల్సో హిజ్ బ్రదర్ కేమ్' అని మనుషులను చెప్పినప్పుడు తిరగదు. ఈ తేడా పుస్తకంలో ఒక్క వరసలో ఉంది, అదీ అడుగున చిన్న అక్షరాల్లో. కింద గీత గీసుకోండి.

నాలుగో దిద్దుబాటు మన పిల్లల మార్కులకు నేరుగా సంబంధించినది. హార్డ్‌లీ, స్కేర్స్‌లీ వస్తే అతుకు మాట వెన్. నో సూనర్ వస్తే ద్యాన్. సూనర్ పోలిక రూపం, అందుకే ద్యాన్. ఇంతవరకు పుస్తకం సరిగ్గానే చెప్పింది. 'నో సూనర్ హ్యాడ్ ది బస్ లెఫ్ట్ రావులపాలెం ద్యాన్ ది రెయిన్ స్టార్టెడ్' అన్న ఉదాహరణా సరైనదే. కానీ ఇరవై ఒకటో పేజీలో 'నో సూనర్ తర్వాత హ్యాడ్ మాత్రమే రావాలి, డిడ్ తప్పు' అన్నారు, చివర జవాబుల్లోనూ డిడ్ వాక్యాలకు ఇంటూ పెట్టారు. డిడ్ తప్పు కాదు. 'నో సూనర్ డిడ్ ది బెల్ రింగ్ ద్యాన్' అన్న వాక్యం మన బడుల్లో ఏళ్ళ తరబడి రాయిస్తున్నదే. చూడాల్సింది ఆకుపచ్చ రూపం: హ్యాడ్ ఉంటే లెఫ్ట్, గాన్, సీన్ వంటి మూడో రూపం, డిడ్ ఉంటే మొదటి రూపం. 'నో సూనర్ డిడ్ ది బస్ లెఫ్ట్' తప్పు, 'నో సూనర్ డిడ్ ది బస్ లీవ్' ఒప్పు. జవాబుల పేజీని ఇలా దిద్దకపోతే బడిలో ఒప్పన్న వాక్యాన్ని పిల్లవాడు ఇంట్లో కొట్టేసుకుంటాడు.

ఇఫ్ తీసేసి చెప్పే వాక్యాలకు ఒక పేజీ ఉంది, చాలు. 'ఇఫ్ ఐ హ్యాడ్ నోన్' లో ఇఫ్ కార్డు ఎత్తేసి హ్యాడ్ ముందుకు తెస్తే 'హ్యాడ్ ఐ నోన్'. ఇలా ముందుకొచ్చేవి హ్యాడ్, షుడ్, వర్ మూడే. నాట్ పెట్టాల్సి వస్తే దాన్ని హ్యాడ్‌కు అంటించకూడదు: 'హ్యాడ్ ఐ నాట్ నోన్' ఒప్పు, 'హ్యాడన్ట్ ఐ నోన్' అంటే ప్రశ్నలా మారిపోతుంది. 'సో హెవీ వాజ్ ది రెయిన్ దట్' రకానికి రెండు ఉదాహరణలు ఇచ్చి వదిలేశారు. పరీక్షకు అది సరిపోతుంది.

చోటు చెప్పే మాట ముందుకొచ్చినప్పుడు జరిగే తిరుగుడు మాత్రం పుస్తకంలో లేనే లేదు. 'అండర్ ది చించినాడ బ్రిడ్జ్ ఫ్లోస్ ది వశిష్ఠ' అన్న వాక్యంలో డజ్ రాలేదు. ఆకుపచ్చ కార్డే తనంతట తాను నీలాన్ని దాటి ముందుకొచ్చింది. నారింజ పాఠం అయ్యాక పిల్లలు దీన్ని చూస్తే 'అండర్ ది బ్రిడ్జ్ డజ్ ది వశిష్ఠ ఫ్లో' అని దిద్దడానికి పోతారు. ఇక్కడ కాదు-లేదు అర్థం లేదు కాబట్టి ప్రశ్న వరస అక్కర్లేదు. కర్మ అవసరం లేని క్రియలతోనే ఇది కుదురుతుంది: ఉండడం, రావడం, నిలబడడం, పారడం లాంటివి. కర్త హి, ఇట్, దే లాంటి పొట్టి మాటైతే తిరగదు: 'హియర్ కమ్స్ ది బస్' అంటాం, బస్సు పేరు చెప్పకుండా అయితే 'హియర్ ఇట్ కమ్స్'. రాబోయే అచ్చులో దీనికి ఓ పేజీ ఇవ్వాలి.

వస్తువు నాణ్యత విషయానికొస్తే, అట్ట మందంగానే ఉంది కానీ మెరుపు పూత లేదు. మన కాలవగట్టు ఊళ్ళలో వానాకాలం తేమకి కార్డులు వంకర తిరుగుతాయి, గాడిలో నిలబడవు. ఎరుపు రంగు తడి వేలికి అంటుతుంది. లామినేషన్ చేయించడం మేలు, అన్నింటికీ అక్కర్లేదు. ఎక్కువ చేతులు పడేవి ఎరుపు, నారింజ, ఊదా, మొత్తం 58. ఏ4 పౌచులో కార్డుకీ కార్డుకీ సందు వదిలి పేరిస్తే పన్నెండు పడతాయి, కాబట్టి ఐదు పౌచులు చాలు. జెరాక్స్ షాపులో 125 మైక్రాన్ల పౌచు అడగండి. 250 అయితే గాడిలో బిగుసుకుపోతుంది. కత్తిరించేటప్పుడు అంచు చుట్టూ మూడు మిల్లీమీటర్లు ప్లాస్టిక్ ఉంచాలి, అట్టకు ఆనించి కోస్తే తేమ లోపలికి పోయి పొరలు విడిపోతాయి. ఆకుపచ్చ కార్డులకు ఒకవైపు సెల్లో టేపు మాత్రం అంటించకండి, ఒక పక్కే బిగిసి ఇంకా వంగిపోతాయి, పైగా వాటిని రెండు వైపులా వాడాలి.

ఇంకొకటి: ఊదా, నారింజ తప్ప కార్డులన్నీ చిన్న అక్షరాల్లో ఉన్నాయి. హ్యాడ్ ముందుకొచ్చినప్పుడు మొదటి అక్షరం పెద్దది కావాలన్నది కార్డు చూపించదు. పేర్చిన ప్రతి వాక్యాన్నీ నోటుబుక్కులో ఎక్కించడమే దీనికి మందు. కార్డులతో సరిపెట్టేసిన పిల్లలు రాతలో పెద్ద అక్షరాలు వదిలేస్తారు.

ఎవరు కొనాలంటే, ఎనిమిది నుంచి ఇంటర్ దాకా చదివే పిల్లలున్న ఇంటికి ఇది తగినది. రోజుకు ఇరవై నిమిషాలు: నాలుగు మామూలు వాక్యాలు, వాటినే నాలుగు ప్రశ్నలు, రెండు నారింజవి. గల్ఫ్ పనులకు వెళ్ళబోయేవాళ్ళకు నారింజ కార్డులతో పనే లేదు. ఊదా, ఎరుపు బాగా తిప్పడం వస్తే చాలు. మాటల్లో వాడే తిరుగుడు కొద్దిగానే ఉంటుంది: 'సో డు ఐ', 'నైదర్ డు ఐ', 'హియర్ కమ్స్' లాంటివి. అవి నేర్చుకోండి. దుకాణంలో నిలబడి 'నెవర్ హ్యావ్ ఐ సీన్' అంటే ఉపన్యాసంలా ఉంటుంది. బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షల వాళ్ళకు పదిహేడో పేజీ నుంచి ఇరవై ఆరు దాకా చాలు, పైన చెప్పిన దిద్దుబాట్లతో. ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళు ఒకటి గమనించాలి. రాతలో వ్యాకరణానికి నాలుగో వంతు మార్కులున్నాయి, అందులో వాక్యాల రకంతోపాటు తప్పులు లేకపోవడాన్నీ చూస్తారు. 250 మాటల వ్యాసంలో అవసరమైన చోట ఒక్క తిరుగుడు వాక్యం మేలే. మూడు నాలుగు కుక్కితే బట్టీ పట్టినట్టు తెలిసిపోతుంది, తప్పు దొర్లే అవకాశం కూడా పెరుగుతుంది.

380 పెట్టలేనివాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత శుభలేఖల అట్ట తీసుకుని మూడు అంగుళాలకు అంగుళమున్నర చొప్పున కోయండి. ముందు ఎర్ర స్కెచ్‌తో ఆ 18 సహాయక క్రియలు రాయండి. తర్వాత ఆరు కర్తలు, ఆరు క్రియలు. క్రియ కార్డుకు ముందువైపు వెంట్, వెనకవైపు గో అని రాయడం మరవకండి, మూడో రూపానికి వేరే కార్డు చేయండి. నారింజకి నెవర్, సెల్డమ్, హార్డ్‌లీ, నో సూనర్, ఓన్లీ, నాట్ అంటిల్ ఆరు చాలు. పట్టీ లేకపోతే అట్టపెట్టె అంచును మడిచి గాడి చేసుకోండి, కార్డు కొద్దిగా వెనక్కి వాలేలా మడిస్తే ఫ్యాను గాలికి పడిపోవు.